తరుగు

గుణుపురం వేలంలో నేను పీపా పాడుకున్నప్పుడు
వెనకాల పాత ఇనప కొట్టు ఖాదరు నవ్వేడు,
"కట్లు నాకివ్వండి, కర్ర మీ పొయ్యిలోకి."
తలూపేను.
ఎక్సైజు ఆఫీసులో ముప్పైయొక్క ఏళ్ళు
తలూపడమే కదా నేను చేసింది.

మూతపడిన విస్కీ ఫ్యాక్టరీ అది.
దాని తాళానికి లక్క కరిగించి ముద్రేసిన చెయ్యి ఇదే.
బొటనవేలి మీద చుక్క పడ్డ మచ్చ
ఇంకా ఎర్రగానే ఉంది.

ఆటోలో పక్కన కూచోబెట్టుకుని తెచ్చుకున్నాను.
వంశధార వంతెన గతుకుల్లో
పీపా నా భుజం మీదకి ఒరిగింది.
కాలిన బెల్లం వాసన, తడిసిన బీరువా వాసన.
లోపల చుక్క లేదు
అయినా డ్రైవరు అద్దంలో నన్నే చూస్తున్నాడు.

ఎండిన పీపా నీళ్ళని నమ్మదు.
మొదటి రోజు పోసిన బిందెలు పోసినట్టే
పెరడంతా పారేయి.
రెండో రోజు ఊరికే చెమర్చింది.
మూడో రాత్రి
చెక్క ఉబ్బి పక్క చెక్కని పట్టుకున్న చప్పుడు,
టిక్కుమని ఒక్కసారే.
మంచం మీద లేచి కూచున్నాను.

కట్టు కింద మేకుతో గీసిన ఒడియా అక్షరాలు
తడిసేక కనిపించేయి: ధ్రుబ.
తాళం వేసిన రోజు గేటు బయట
జీతాలకి నిలబడ్డ నూట నలభై మందిలో
అతనెవరో.

కాయడం నాకు సుంబారి నేర్పింది.
ఏళ్ళ కిందట ఆవిడ ఊరు ఎక్కి
పదకొండు కుండలు పగలగొట్టి
పంచనామాలో తొమ్మిదే రాసేను.
ఆ రెండూ నా దయ అనుకుని
చాలా కాలం హాయిగా నిద్రపోయేను.
ఈ మాట చెప్తే ఆవిడ చోళ్ళు చెరగడం ఆపలేదు.
"పన్నెండు బాబూ," అంది,
"ఒకటి నీళ్ళ కుండ."

మొలకెత్తిన చోళ్ళు నీడనే ఆరాలిట,
ఎండ తగిల్తే లోపల ప్రాణం పోతుందిట.
బరంపురం నుంచి బార్లీ తెప్పించేను.
ఆవిడ కొండవేళ్ళు దంచి మందుబిళ్ళలు చేసింది,
ఏ వేళ్ళో అడిగితే
"రాసుకుంటావేటి?" అంది.
రాసుకోలేదు.

పది రోజులు పొంగి అణిగేక
పీపాలోకి వంచి, బిరడా బిగించి,
దానిలోంచి సెలైన్ గొట్టం ఒకటి
నీళ్ళ సీసాలోకి దించేను.
వానాకాలమంతా
వసారాలో ఎవరో నిద్దట్లో గొణుగుతున్నట్టు
బుడగా బుడగా.

కార్తీకంలో వేలితో తట్టి చూస్తే
చప్పుడు మారింది. గరిటె కాడ దించేను.
నాలుగు వేళ్ళ మేర తక్కువ.
టార్చి వేసి పీపా చుట్టూ పాకేను.
తడి లేదు, చీమ లేదు.
మా రిజిస్టర్లో తరుగు అని ఒక గడి ఉండేది,
నూటికి రెండు దాటితే కేసు.
చెయ్యి దానంతటదే పెన్ను వెతికింది.

సుంబారి నవ్వి నవ్వి దగ్గింది.
"మా పెద్దోలికి ముందే నేల మీద పోసేస్తాం.
నువ్వు పొయ్యనేదు.
ఆలే వచ్చి తాగేరు."
మీ వాళ్ళా, మా వాళ్ళా అని అడగబోయి
కట్టు కింద పేరు వైపు చూసేను.
బతికున్నాడో లేదో తెలియని మనిషికి
ఎలా పోస్తారో నాకు తెలీదు.
కొంచెం పోసేను. నేల తాగేసింది.

స్టీలు గ్లాసులో మొదటి గుక్క
చోళ్ళ పులుపు, దాని వెనక పొగ,
అన్నిటికంటే వెనక
ఫ్యాక్టరీ గేటు దగ్గరి మధ్యాహ్నం.
ఆవిడ చప్పరించి మొహం చిట్లించింది,
"కర్రని తాగినట్టుంది."
గ్లాసు మళ్ళీ చాపింది.

రెండో కాపుకి చోళ్ళు నానేయి.
విస్కీ ఈసారి పలచబడుతుందిట,
మూడోసారికి ఉట్టి కర్రే మిగుల్తుందిట.

కుమ్మరి వీధిలో నీళ్ళ కుండ ఒకటి కొన్నాను.
బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసికెళ్ళాలి.
ఘాటీలో పగులుతుందేమోనని
నెలరోజులుగా
గుమ్మం పక్కనే ఉంది.