నూట పన్నెండో పేజీ

బ్రాడీపేట నాలుగో లైనులో
ముప్పయ్యేళ్లుగా థీసిస్సులు బైండింగు చేస్తున్నాను.
మిరప తెగుళ్లు, పత్తి ధరలు, కాలువల లెక్కలు,
దేన్నీ చదవను. పేజీ నంబర్లు చూస్తాను, అంతే.
జిగురుకి చదువు అక్కర్లేదు.

సువార్త నాలుగు కాపీలు తెచ్చింది.
నల్ల రెక్సిను, బంగారు అక్షరాలు.
‘నేటి ఆఫ్రికా, దేశం దాటిన దాని బిడ్డలు:
గుంటూరు పరిసరాల్లో ఒక అధ్యయనం’.
అట్ట మీద పట్టక అక్షరం సైజు తగ్గించాల్సొచ్చింది.
“ఆఫ్రికా అంటే అడవులే కదమ్మా?” అన్నాను.
“యాభై నాలుగు దేశాలు బాబాయ్,” అంది,
“ఏ దేశాన్ని అడుగుతున్నారు?”

కరెంటు పోయింది. కటింగు మిషను ఆగింది.
చేతిలో ఉన్న కాగితాన్ని
గుమ్మం వెలుతుర్లో కూడబలుక్కున్నాను.

మలావీ నుంచి వచ్చిన చికోండి
మొక్కజొన్నలు మరపట్టించడానికెళ్తే
మిల్లాయన “కోళ్లకా?” అన్నాడట.
ఉడికించి ముద్ద చేసి చూపిస్తే
పక్కింటి నాంచారమ్మ “ఓరి, ఇది మా సంకటేరా” అని
గోంగూర పచ్చడి వేసిందట.
మిరపకాయని వాళ్లు త్సాబొలా అంటారట.
యార్డు పక్కనుంచి ఆటోలో పోతే
వాళ్లూ మనలాగే తుమ్ముతారట.

నవ్వుకున్నాను. పేజీ తిప్పాను.

నూట పన్నెండు. పట్టిక ఆరు.
అద్దెకి అడిగిన ఇళ్లు నలభై మూడు.
ఇచ్చినవి తొమ్మిది.
కింద చిన్నక్షరాల్లో, ఇరవై మూడో మనిషి మాట:
“పుస్తకాలు కుట్టే కొట్టు. పైన గది ఖాళీ.
నన్ను చూసి ఆయన బోర్డు తిప్పేశాడు.
శాకాహారులకే అన్నాడు.
కొట్టంతా చేపల పులుసు వాసన.”

పేరు లేదు. లైను నంబరూ లేదు.
ఆ రోజు బొమ్మిడాయలు. నాకు గుర్తుంది.
ఆ కుర్రాడు “థాంక్యూ అన్నా” అని
మెట్లు దిగడమూ గుర్తుంది.

ఇంకా కింద, ఆ పిల్ల సొంత మాట ఒకటి:
‘నన్నూ అడిగారు, ఇదే సంగతి, తెలుగులో.
మీరేమిట్లు, అని.’

కరెంటొచ్చింది.
ఒక్క కాగితం చింపితే నంబర్లు వరస తప్పుతాయి.
చింపాలనిపించలేదని మాత్రం చెప్పను.
నాలుగు కాపీల్లోనూ దాన్ని
రెండో దారం వేసి కుట్టాను.

సాయంత్రం వచ్చి డబ్బు లెక్కపెట్టింది.
తెలిసే నా కొట్టుకి తెచ్చిందా? అడగలేదు.
“గట్టిగా కుట్టారు బాబాయ్” అంది.
మేడ వైపు చూడలేదు.
చూసిందేమో, నేనే తల వంచుకుని
బిల్లు రాస్తున్నాను.

టులెట్ బోర్డు ఇంకా తిరగేసే ఉంది.
గోడ వైపు అక్షరాలకి బూజు.