కొన్న నీళ్లు

ఆగస్టు చివరి ఆదివారం.
మా కెంటకీ కొండల్లో దాన్ని ఇంటికొచ్చే ఆదివారం అంటారు.
ఎవరూ ఎవర్నీ పిలవరు.
తేదీ అందరికీ తెలుసు, అదే పిలుపు.

టొలీడో నించి ఆరు గంటలు నడిపాను,
పక్క సీట్లో నిమ్మ కేకు, దానికి సీటుబెల్టు.
పందొమ్మిదేళ్లు రాకపోవడానికి చెప్పుకున్న కారణం కూడా
నాతోపాటు కారులోనే ఉంది, మాట్లాడకుండా.

అమ్మ పోయిన పదకొండో నెలలో
మా అక్క ఆర్డిత్
బొగ్గు కంపెనీ కాగితం మీద సంతకం పెట్టింది.
నన్నడగలేదు.
ఫోన్లో నేనడిగితే నీళ్లు నమిలింది.
కొండ తల తీసేశారు.
ఆ ఏడే అమ్మ బావి తుప్పు రంగుకి తిరిగింది.
అక్క మీద ఆశలకి నేనూ నీళ్లొదులుకున్నాను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు.
అందుకే టొలీడోలో కారు సీట్లు కుడుతూ
దీన్ని కూడా లోపలివైపు కుట్టేసుకున్నాను.

మందిరం చిన్నదైపోయింది. లేదా మేమే తగ్గాం.
పాస్టరు హోబర్ట్ గారికి చెవులు పోయాయి,
ప్రార్థన కేకలేస్తూ చేస్తారు,
దేవుడికీ అదే జబ్బు ఉన్నట్టు.

రొట్టె అయింది, ద్రాక్షరసం అయింది.
బెంచీలు ఎదురెదురుగా తిప్పారు,
మగవాళ్లు అటు, మేం ఇటు.
ఎవరి కాళ్లు ఎవరు కడగాలో ఎవరూ చెప్పరు.
నడుముకి తువాలు చుట్టుకుని లేస్తాం, నడుస్తాం,
ఆగిన చోట మోకరిస్తాం.

లూటీషా పిన్ని దగ్గరికే బయల్దేరాను.
తొంభై దాటిన మనిషి, ఎవరితోనూ తగువు లేని పాదాలు.
పిన్ని కాళ్లు వెనక్కి లాక్కుంది.
గడ్డంతో చూపించింది.

కిటికీ పక్కన ఆర్డిత్.
బూట్లు విప్పలేదు.
ముందు నీలం పింగాణీ బేసిను,
అంచు పెచ్చులూడింది.
అమ్మ దాంట్లో చిక్కుడుగింజలు ఒలిచేది.
శనివారాలు మా తలలూ దాంట్లోనే,
ఒకటే నీళ్లు,
పెద్దది ముందు, చిన్నది తర్వాత.

మోకాళ్ల మీద కూచుని లేసు లాగాను.
"ఎడమది వద్దే మేవిస్," అంది.
నేను వినే రకమా.

మేజోడు తీస్తే
చిటికెనవేలు లేదు. దాని పక్కదీ లేదు.
ఆ చోటు నున్నగా, పసిపిల్ల చర్మంలా.
"ఎప్పుడు?"
"రెండేళ్లయింది. షుగరు."
"నాకు చెప్పలేదేం?"
"నీ నంబరు మారింది కదా."
మారలేదు. తనకీ తెలుసు, నాకూ తెలుసు.
ఇద్దరం కలిసి ఆ అబద్ధాన్ని
బేసిన్లోకి జారవిడిచాం.

తప్పు చేసినవాళ్లు కాళ్లు పట్టుకోవాలి, లోకం తీరు.
ఇక్కడ కాలు పట్టుకుని కూచున్నది నేను.
క్షమించమని అడుగుతున్నదెవరో
క్షమిస్తున్నదెవరో
అడుగు దాకా చూసినా నీళ్లలో కనపడలేదు.

పక్కన ప్లాస్టిక్ డబ్బా,
కొట్టువాడి చీటీ ఇంకా అంటుకునే ఉంది, డాలరున్నర.
బావి పనికిరాదు, వాగు పనికిరాదు.
మా ఊళ్లో ఇప్పుడు
కాళ్లు కడగడానికీ నీళ్లు కొంటున్నారు.

నేను చూస్తున్నది తను చూసింది.
"ఆస్పత్రి బిల్లు," అంది. "అమ్మది.
కంపెనీ కాగితం వచ్చిన వారమే అదీ వచ్చింది.
నీకప్పుడు ఏడో నెల."
కొండకి అది సమాధానం కాదు.
నాకు, సగం.

తుడిచాను. లేని వేళ్ల దగ్గర
తువాలు కాసేపు ఆగింది.

తర్వాత తనూ దిగింది,
బెంచీ పట్టుకుని, మెట్టు మెట్టుగా.
పిన్ని నీళ్లు మార్చబోయింది.
"ఉంచు," అన్నాను.
పెద్దది ముందు,
చిన్నది తర్వాత.

బయట భోజనాల బల్లలు పరుస్తుంటే
కేకు గుర్తొచ్చింది. షుగరూ గుర్తొచ్చింది.
నించుండిపోయాను.
ఆర్డిత్ కుంటుకుంటూ కారు దాకా వచ్చి
తలుపు తీసి చూసింది.
"దానికి బెల్టు విప్పు. నన్ను ఇంటి దగ్గర దింపు."

కేకు ఒళ్లో పెట్టుకుని కూచుంది.
ఆ కారణం వెనక సీట్లోకి జరిగింది.
దిగలేదింకా.