మూడింటికి

నలభై మూడు ఉత్తరాలు రాశాను.
ముప్ఫై ఆరింటికి జవాబే లేదు.
నాలుగు, "సెలవులో ఉన్నాను" అంటూ
యంత్రం తనంతట తాను పంపినవి.
ఒకాయన నన్ను "ప్రియమైన మిస్టర్ మెస్కెరెం" అన్నాడు.
ఇంకొకాయన: విషయం బాగుంది, డబ్బు లేదు.
మిగిలింది ఒక్కటి. టాంపెరె నుంచి, ప్రొఫెసర్ రీట్టా.
"బుధవారం మాట్లాడదాం. ఎన్నింటికి వీలు?"

మూడింటికి, అని రాశాను.

అద్దిస్ అబాబాలో రోజు
అర్ధరాత్రి దొంగలా మొదలవదు.
పొద్దు పొడిస్తేనే లెక్క.
ఒక జాము పొద్దెక్కితే మాకు మూడు,
లోకానికి తొమ్మిది.
ఆరు కలుపుతూ ఆరు తీస్తూ బతికినదాన్నే,
ఆ రాత్రి నిద్రమత్తులో
చెయ్యి ఇంటి లెక్కే రాసేసింది.

బుధవారం పొద్దున్నే అరత్ కిలో దగ్గర నెట్ షాపులో
రెండు గంటలకు డబ్బు కట్టి కూర్చున్నాను.
తెరమీద నా మొహం ఒక్కటే.
జుట్టు సర్దుకున్నాను. మళ్ళీ సర్దుకున్నాను.
పక్క కుర్చీలో కుర్రాడు ఫుట్‌బాల్ ఆడుతూ
నావంక జాలిగా చూశాడు.
మధ్యాహ్నం, కాలేజీలో నేను
డేటాబేసుల పాఠం చెబుతున్న వేళ
ఆమె వచ్చిందట, అక్కడ, తన మూడింటికి.
"ఇరవై నిమిషాలు చూశాను. ఆరోగ్యమే కదా?"

సిగ్గుతో చచ్చిపోయి పెద్ద ఉత్తరం రాశాను.
పొద్దు గురించి, జాము గురించి,
మా ఇంటావిడ యెషి ఫోనుతో
"మూడింటికి లేపు" అంటే
అది నడిరాత్రి దాటాక మూడింటికి మోగడం గురించి,
ఆసుపత్రి చీటీమీద వేళ తప్పుగా చదివి
మందు మింగిన ఒక ముసలాయన గురించి.

మర్నాడు జవాబు.
"మీరు పంపిన పదకొండు పేజీల్లో
'కాలసూచక పదబంధాల స్వయంచాలక విశ్లేషణ' ఉంది.
ముసలాయన లేడు. ఎందుకు లేడు?
ఆయన్ని మొదటి పేజీలో పెట్టండి.
మీకు దారి చూపడం నాకిష్టం.
జీతం ఇవ్వడానికి మాత్రం నా దగ్గర పైసా లేదు."

గురువు దొరికింది. కూడు దొరకలేదు.

ఆ వానాకాలమంతా ఫారాలు నింపాను.
ఒక ఫౌండేషన్ వాళ్ళు తిప్పి పంపారు:
పట్టా పుచ్చుకుని పదేళ్ళు దాటినవారు అనర్హులు.
పట్టామీద 2012 అని ఉంది మరి!
మా 2012 మీ 2020 అని,
నేను రాత్రికి రాత్రి ఎనిమిదేళ్ళు ముసలిదాన్ని కాలేదని
రిజిస్ట్రారు దగ్గర కాగితం తేవడానికి
పదకొండుసార్లు తిరిగాను.
ఆయన సంతకం పెట్టి, తేదీ వేశాడు.
మా తేదీ.
పన్నెండోసారి తిరిగాను.

ఫలితం సెప్టెంబర్ ఎనిమిదిన వచ్చింది.
అంటే పాగుమే మూడు.
ఏడాది చివర మిగిలిపోయిన అయిదు రోజుల
చిన్న నెల అది, మరెవరి క్యాలెండర్లోనూ చోటులేనిది.
అందులో జీతాలివ్వరు, అద్దె అడగరు.

ఒక ఏడాదికి డబ్బిస్తామన్నారు.
ఏ ఏడాది అని నేను అడగలేదు,
పన్నెండు నెలలదా, పదమూడు నెలలదా.
రెండో ఏడాది సంగతి "తర్వాత చూద్దాం" అంది రీట్టా.
ఆమె "తర్వాత" ఎంత పొడుగో
ఇంకా ఏ ప్రోగ్రామూ చెప్పలేదు,
నేను రాసింది కూడా.

యెషి కాఫీ గింజలు వేయిస్తూ అడిగింది,
విమానం ఎన్నింటికని.
రెండింటికి, అన్నాను.
"పట్టపగలేగా!" అంది.
కాదు కాదు, రాత్రి ఎనిమిది.
ఆమె గరిటె పక్కన పెట్టింది.
నేను టికెట్ తెరిచాను.
ఇద్దరం వేళ్ళు మడిచి
మొదటినుంచీ లెక్కపెట్టుకున్నాం.
గింజలు కొంచెం మాడాయి.