పావలా కాలు

నాలుగింటికి లేచి ముందు దాని కాలు ముట్టుకుంటాను.
అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు,
పిల్లలకి జ్వరం చూసినట్టు.
మోకాలి కింద, వెనక, తాడులా దిగే చోట.
మేం నరం అంటాం, డాక్టర్ హైమావతిగారు టెండన్ అంటారు.
పేరేదైతేనేం, వేడి ఒకటే.

నుదుట పావలాకాసంత తెల్లమచ్చ, అందుకే పావలా.
పావలాలు చెల్లడం మానేసి ఏళ్ళయింది.
ఇది మాత్రం బెజవాడలో ప్రతి మాఘమాసం చెల్లింది,
కేదారేశ్వరపేట నుంచి పటమట దాకా.
ఎంతమంది పెళ్ళికొడుకుల్ని మోసిందో,
సగం మందికి కళ్ళెం పట్టుకోవడమే రాదు.

ఈ మాఘంలో కొత్త సిమెంటు రోడ్డు మీద
ఎవరో ఒలకబోసిన కూల్‌డ్రింకు, దాని మీద బంతిరేకులు.
జారింది. పెళ్ళికొడుకు పడలేదు. అదే మేలన్నారు అందరూ.

స్కానులో తెల్లటి దారాల నడుమ నల్లటి బొక్క,
పెట్టెలో మడతపెట్టిన చీరని ఎలక కొరికినట్టు.
"తొమ్మిది నెలలు పడుతుంది."
"ఒక కాన్పన్నమాట" అన్నాను.
ఆవిడ నవ్వలేదు.

చేపల మార్కెట్‌కి ఐసు వేసే ఫ్యాక్టరీలో
పగిలిన ముక్కలు గోనెసంచీలో తెచ్చి కట్టాం.
మా వీధిలో నీచువాసన వేసే గుర్రం ఇదొక్కటే.
ఐదు నిమిషాల నడక. వారం తర్వాత ఏడు. తర్వాత పది.
మా ఆడపడుచు కూతురు జరీనా
నోటుబుక్కులో రోజుకో గీత గీసింది.

అరవై ఒకటో రోజు.
గాంధీనగరం వైపు నుంచి ఎవరిదో ఊరేగింపు.
బాండు మలుపు తిరగ్గానే
దాని చెవులు నిలబడ్డాయి.
బెదిరిందనుకున్నారు చూసినవాళ్ళు.
బెదిరితే తాడు లాగేది.
అది ఆడింది.
మెడ వంచి, కాలు ఎత్తి ఎత్తి వేస్తూ, మేం నేర్పిన ఆటే.
నేను తాడు బిగించేలోపు మూడు అడుగులు.
నాలుగోది కింద ఆనించలేదు.

ఎవర్ని తిట్టను?
డప్పు వినగానే కాలెత్తితే
బెల్లం ముక్క నోట్లో పెట్టింది నేనే గదా, ఆరేళ్ళపాటు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు" అంది పక్కింటి ఆదెమ్మ,
నా ముందే, వినపడేలా.
బేరగాడొకడు వచ్చి పళ్ళు చూసి ధర చెప్పాడు.
కాలు చూడలేదు. కొనేది ఎందుకో అర్థమైంది.
టీ ఇచ్చి పంపేశాను. చక్కెర వెయ్యలేదు.

నాగుల్‌మీరా వెండిపూత జీను తాకట్టు పెట్టొచ్చి
మాట్లాడకుండా అన్నం తిన్నాడు.
అర్ధరాత్రి కొట్టంలో గొంతు వినబడింది.
ఏదో చెబుతున్నాడు దానికి, చాలాసేపు.
పదహారేళ్ళ కాపురంలో నాతో అన్ని మాటలు
ఒక్కసారిగా ఎప్పుడూ చెప్పలేదు.
కుళ్ళుకోలేదు నేను. కొంచెం కుళ్ళుకున్నాను.

మళ్ళీ ఐసు. మళ్ళీ కట్టు. మళ్ళీ నిలబడి ఉండడమే పని.
జరీనా గీతలు చెరపబోతే రబ్బరు లాక్కున్నాను.
నడిచింది నడిచిందే.
ఆ మాట పిల్లకి చెప్పానుగానీ
రెండ్రోజులు నేనే కొట్టంలోకి వెళ్ళలేదు.

ఎండలు ముదిరి కాలువలు కట్టేశారు.
రైవస్ కాలువలో బురద, సంచులు, ఒంటి చెప్పు.
కుళాయి నీళ్ళు కూడా కాగి వచ్చేవి.
బిందెలో పోసి నీడన పెట్టి, తడిగుడ్డ చుట్టి,
చల్లారాక కాలి మీద పోశాం, గ్లాసుతో కొలిచినట్టు.

నీళ్ళు వదిలారని తెలిసిన పొద్దున
దాన్ని మెల్లగా గట్టు దించాను.
అంచున ఆగిపోయింది.
ముందు నేను దిగాను, చీర కుచ్చెళ్ళు దోపుకుని.
ఎర్రనీళ్ళు, పిక్కల దాకా.
అది నన్ను చూసింది, నీళ్ళని చూసింది,
ఒక కాలు పెట్టింది. నొప్పి కాలే ముందు.

వంతెన మీద ఎవరిదో ఫోను మోగింది, డప్పు పాట.
దాని చెవి ఒకటి అటు తిరిగింది.
తాడు నా చేతిలో బిగుసుకుంది.
చెవి మళ్ళీ ఇటు వచ్చింది.
రేపు రాకపోవచ్చు.

ఇంటికొచ్చాక జరీనా పెన్సిలు పట్టుకుని అడిగింది,
"ఎన్నో రోజని రాయను అత్తా?"
లెక్క వద్దన్నాను.
ఇవాళ కాలు నా చేతికంటే చల్లగా ఉంది.
అది రాయి.