గాలి లేని ఊరు

తబెర్నాస్‌లో ఆగస్టు మధ్యాహ్నం.
కిటికీ రెక్కలు మూసి, ఫ్యాను పెట్టి
పాత కంప్యూటర్లో స్టూడియో కడుతున్నాను.
పక్కన కుర్చీ లాక్కుని మా తాత ఇందలేసియో,
ఒళ్లో ఒలవాల్సిన బాదంకాయల చాట.

జాబితా తెరిస్తే సెట్లన్నీ ధరలతో సహా:
ఆసుపత్రి వార్డు, సమాధుల దొడ్డి,
అంతరిక్ష నౌక లోపలి గది,
ఇంకా తాళం తియ్యని కోట.
"అది," అన్నాడు తాత, బాదంపప్పుతో చూపిస్తూ.
సారాకొట్టు.
పద్దెనిమిది వేల డాలర్లు.
"దొంగలు! మేం తొమ్మిది రోజుల్లో లేపేవాళ్లం,
నలుగురం. కూలీ కాక ఓ రొట్టె, ఓ ఉల్లిపాయ."

మౌస్‌తో ఎత్తి ఖాళీ నేల మీద దించాను.
కాస్త దుమ్ము. ఠప్పున గోడలు.
తాత నవ్వలేదు.
"తిప్పు. వెనక్కి తిప్పు."
తిప్పాను.
ఊతకర్ర లేదు, అడ్డపట్టె లేదు,
ఇసుక బస్తా లేదు,
ఎవడో మర్చిపోయిన సిగరెట్ పెట్టె లేదు.
వీపు లేని గోడ.

"దేని మీద నిలబడింది ఇది?"
నాకేం తెలుసు.
"అక్కడ గాలి వీస్తుందా?"
లేదు తాతా, ఆటలో గాలి ఉండదు.

ఒలవడం ఆపేశాడు.
తూర్పుగాలి ఓ రాత్రి వీధి వీధంతా పడుకోబెట్టిందట,
చర్చీ, బ్యాంకూ, కమ్మరి కొలిమీ.
తెల్లారితే డైరెక్టరు వస్తాడని
టార్చిలైట్లు పళ్ల మధ్య పెట్టుకుని మేకులు కొట్టారట.
గోడ పట్టుకున్న హినేస్ బొటనవేలి గోరు ఆ రాత్రే పోయింది.
అదంతా, మర్నాడు ఆ బ్యాంకును తగలబెట్టడానికి.
"తెర మీద రెండు నిమిషాలు మండింది," అన్నాడు తాత.
"బాగా మండింది."

ఒకే సెట్టులో మళ్లీ మళ్లీ తీస్తే
జనానికి మొహం మొత్తుతుంది, ఆట మార్కులు కోస్తుంది.
ఆ ఒక్కటీ ఒప్పుకున్నాడు.
"ఎన్ని రంగులు పులిమినా గుర్తుపట్టేసేవాళ్లు."

ఆరో సినిమాకి సారాకొట్టు పెచ్చులూడింది.
మరమ్మతువాణ్ణి ఒకణ్ణి పెట్టుకున్నాను,
నీలం చొక్కా, వేలెడంత మనిషి.
పేరు మార్చుకోవచ్చు. మార్చాను.
నెత్తి మీద ఇందలేసియో అన్న అక్షరాలు మోసుకుంటూ
గోడ దాకా నడిచి సుత్తి ఎత్తాడు.

తాత అద్దాలు తుడుచుకుని ముందుకి వంగాడు.
"సుత్తిని మెడ దగ్గర పట్టుకున్నాడు, వెధవ."
కాసేపాగి,
"ఇంకొకణ్ణి పెట్టవే.
ఒక్కడే అయితే
గోడెవరు పట్టుకుంటారు?"