హమాల్ వీపు

బుర్సా హమామ్‌లో వేడిరాతి మీద
బోర్లా పడుకున్నాడు హమాల్ సెలాహట్టిన్.
ఉస్తాద్ నా చేయి పట్టుకెళ్ళి అతని మెడ మీద పెట్టాడు.
"చూడు. కళ్ళు మూసుకుని చూడు."

తలవెనక మొదలై రెండు భుజాలకీ పరుచుకుని
వీపు నడుమ దాకా దిగిన గాలిపటం, ట్రపీజియస్.
నలభై ఏళ్ళు పట్టుబేళ్ళనీ బీరువాలనీ
మేడమెట్ల మీదుగా మోసింది.
బరువు దించి మూడేళ్ళయింది,
దానికింకా కబురు అందలేదు.

నడుం నుంచి చంకలోకి ఎగబాకే వెడల్పు కండ
తాళ్ళు లాగిన నాటిది.
భుజానికి టోపీలా డెల్టాయిడ్.
సలాముకి చేయెత్తేది అదే,
ఎడమది ఇప్పుడు సగమే ఎత్తుతుంది.
రొమ్ముకండలు రాతికింద అణిగి ఉన్నాయి,
వాటి సంగతి అతను తిరిగి పడుకున్నాక.

"కండకి తోయడం రాదురా, లాగడమే వచ్చు.
నువ్వు తలుపు నెట్టినా
లోపల ఏదో ఒకటి లాగుతున్నట్టే.
మోచేయి ముడవాలా? ముందు కండ బిగియాలి,
వెనకది వదలాలి.
వదలనిదే, ఇదిగో, ఈ ముడి."

రెక్క ఎముక అంచున, ఆలివ్ గింజంత.
బొటనవేలితో నొక్కాను. కదల్లేదు.
మళ్ళీ నొక్కాను.

నిద్రలోంచి అడిగాడు సెలాహట్టిన్:
"ఎన్నో అంతస్తు?"

"వచ్చేశాం బాబాయ్," అన్నాను,
"దించెయ్యి."