పదింట మూడు

నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా
వంకరపోయిన ప్రొపెల్లర్ రెక్క ఒకటి ఉంటుంది.
కంచుది. ఉప్పు తిని పచ్చబడింది.
ఎవరైనా అడిగితే
మేనమామ ఉయార్నెక్ ఇచ్చాడంటాను.
ఇవ్వలేదు. విసిరికొట్టాడు.

మే నెల అది.
గ్రీన్లాండ్ తూర్పు ఒడ్డున బయల్దేరిన పెద్దమంచు
దక్షిణపు కొమ్ము చుట్టుకొని
మా కకొర్తోక్ ముందరి కడలి పాయల్లోకి
అడగకుండా దిగే రోజులు.
రాత్రి నెత్తిమీదుగా పోతూ ఉపగ్రహం ఒక బొమ్మ పంపింది.
తెల్లగా ఉన్నది ముసలి మంచు, తెలుస్తుంది.
బూడిదరంగుది నిరుటిది, అదీ తెలుస్తుంది.
నలుపు దగ్గరే చిక్కు.
గాలి లేని నీరూ నలుపే,
కరగడం మొదలై పైపైన తడిసిన మంచూ నలుపే.

పటం మీద మేము గుడ్లు గీస్తాం.
నిజంగా గుడ్లే, నిలబెట్టిన కోడిగుడ్లు,
లోపల అంకెలు.
పైన, పదింట ఎన్ని వంతులు మంచో.
దాని కింద వయసు.
ఇంకా కింద పలక వెడల్పు.
ఎక్కడో ఒక కెప్టెన్
ఒక చేత్తో కాఫీ పట్టుకొని
రెండో చేత్తో ఆ గుడ్డు పగలగొట్టి చూసుకుంటాడు,
లోపల దారి ఉందా లేదా అని.

ఆ నల్లటి చోట నేను నీళ్ళు నమిలాను.
ఆరనిపించింది.
మూడని రాశాను.

సరుకుల ఓడ పదకొండు రోజులుగా బయటే ఆగి ఉంది.
ఊళ్ళో ఉల్లిపాయ లేదు.
పొద్దున దుకాణంలో మలీనా నన్ను చూసిన చూపు
మధ్యాహ్నానికి నా పెన్సిల్ మొనలోకి దిగింది.
ఇంతకన్నా పెద్ద కారణం చెప్పాలని
చాలాసార్లు వెతికాను.
దొరకలేదు.

ఓడకేమీ కాలేదు. దానిది ఇనుప పొట్ట.
ఉల్లిపాయలు దిగాయి, బంగాళాదుంపలు దిగాయి,
ఎవరికో ఎర్ర సైకిలు కూడా దిగింది.

మామ మాత్రం చేపల పడవేసుకొని ఎదురు వెళ్ళాడు.
నలభై ఏళ్ళుగా పటాలను చూసి నవ్విన మనిషి
ఆ ఒక్కరోజు నమ్మాడు,
మూలన నా పేరు పొడి అక్షరాలు చూసి.
గాలి తిరిగింది.
మంచు రెండు చేతులూ దగ్గరికి తెచ్చింది.
పద్నాలుగు గంటలు, పొగమంచులో, ఇంజను ఆపుకొని,
తెడ్డుతో పలకల్ని నెట్టుకుంటూ.

వచ్చాక కేకలేస్తాడనుకున్నాను.
రెక్క బల్ల మీద పడేసి ఒక్కటే అడిగాడు:
"నీకు తెలుసా?"
"ఆరనుకున్నాను" అన్నాను.
తల ఊపాడు.
నా కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు.

గీసిన గీత దాటని మనుషులుంటారేమో.
మంచు అలాంటిది కాదు.
సిరా ఆరేలోపు నా గీత కింద నుంచి
అది ఇంకో అరమైలు నడిచిపోతుంది.
గుడ్డి కన్నా మెల్ల నయమంటారు, సరే,
ఆ మెల్లకన్ను ఎటు చూస్తోందో
ఎదుటివాడికి చెప్పి ఉంచితేనే.

ఇవాళ మళ్ళీ అదే పాయ ముందర అదే నలుపు.
హెలికాప్టర్ లేవలేదు, మబ్బు కొండల మెడ దాకా ఉంది.
బొమ్మను పెద్దది చేశాను, చిన్నది చేశాను.
కిటికీ తెరిచి కాసేపు గాలి విన్నాను.
మలీనా కిందనుంచి చెయ్యి ఊపింది,
సంచీ ఖాళీగానే ఉంది.

మూడు గంటలకు ఫోన్ మోగింది.
"ఎంత?" అన్నాడు మామ.
"తెలీదు."
"పటంలో ఏం రాశావు?"
"అదే. అంకె ఉండాల్సిన చోట ఇంటూ మార్కు పెట్టాను."

అవతల చాలాసేపు
రేవులో తాళ్ళ కిర్రుమనే చప్పుడొక్కటే.
"సరే" అన్నాడు చివరికి,
"వలలు కుట్టుకుంటాలే."